కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజు

"బటన్. బటన్. బటన్. లింక్. బటన్."

మానిటర్ ఆపేశాక ఆ గదిలో కంప్యూటర్ నుంచి వినిపించినవి ఈ మాటలే. అనంతపురంలో విత్తనాలు, ఎరువులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక షాపు వెనక గది అది. పురుగు మందుల వాసన ముక్కుకు తగులుతోంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వింటున్నాను.

"ఇప్పుడు చెప్పండి మేడం, వీటిల్లో బిల్లు సేవ్ అయ్యేది ఏదో," అన్నాడు పక్కనున్న అబ్బాయి.

చెప్పలేకపోయాను. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది నేనే.

ఆ అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు. వాళ్లది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. డిగ్రీ చదివాడు, కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఆ షాపులో ఫోన్ ఆర్డర్లు రాసుకునే పనిలో చేరి అప్పటికి మూడేళ్లయింది. పల్లెల నుంచి చిన్న డీలర్లు పొద్దున్నుంచే ఫోన్లు చేస్తుంటారు. విత్తనాలు పడే ముందు రోజుల్లో అయితే ఫోను కింద పెట్టే తీరిక ఉండదు. వేరుశనగలో కె-6 ఎన్ని బస్తాలుంది, కదిరి లేపాక్షి వచ్చిందా, డీఏపీ లోడు ఎప్పుడు దిగుతుంది, ఇవే ప్రశ్నలు. అతనికి ఎడమ చెవి దగ్గర ఫోను, కుడి చెవిలో ఇయర్‌ఫోను. స్టాకంతా ఎక్సెల్ షీటులో ఉండేది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంటే, బాణం కీలు నొక్కుకుంటూ గడి తర్వాత గడి దాటుకుంటూ పోయేవాడు. ఆ గొంతు ఎంత వేగంగా మాట్లాడుతుందంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతనికి అది మామూలు వేగమే. అవతలి మనిషి ప్రశ్న పూర్తయ్యేలోపు ఇతని దగ్గర జవాబు సిద్ధంగా ఉండేదని ఓనరే చెప్పాడు.

అలాంటి షాపుకు నేను కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మాను. ఓనర్‌కు రంగులు నచ్చాయి. బొమ్మల బటన్లు నచ్చాయి. ఒక్క తెర మీద స్టాకంతా ఎరుపు, పచ్చ గీతల్లో కనపడటం బాగా నచ్చింది. పది రోజుల తర్వాత ఫోన్ చేశాడు.

"మేడం, మా పిల్లోడు కొత్త సిస్టంలో చెయ్యలేకపోతాండాడు. ఫోనెత్తి పక్కోళ్లకు ఇచ్చేస్తాండాడు. వానికి ఇది కష్టమేమో, గోడౌన్ పనికేమన్నా మార్చాల్నేమో."

ఆయన నా మీద ఫిర్యాదు చేయడానికి ఫోన్ చేయలేదు. తప్పు ఆ అబ్బాయిలో ఉందనే అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఫోన్ పెట్టేశాక ఒక నిమిషం పాటు నేనూ అదే అనుకున్నాను. మర్నాడు షాపుకు పోయి మానిటర్ ఆపేసి కూర్చున్నాకే తెలిసింది. మూడేళ్లు అతను చూపు లేకుండానే ఆ పని చేశాడు, షాపులో అందరికంటే బాగా చేశాడు. సదరం సర్టిఫికెట్లో ఉన్న వైకల్యం శాతం ఆ మూడేళ్లలో మారలేదు. నా సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజున మాత్రం ఆ ఉద్యోగంలో అతను వికలాంగుడయ్యాడు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే అనిపిస్తోంది. పని చేసే చోట వైకల్యం చాలాసార్లు మనిషితో పాటు రాదు, కొత్త సామానుతో పాటు వస్తుంది. కొత్త మిషన్, కొత్త యాప్, కొత్త హాజరు పరికరం వచ్చిన ప్రతిసారీ అప్పటిదాకా పని చేసుకుంటున్న ఎవరో ఒకరు చప్పుడు లేకుండా బయటికి పోతారు. కాబట్టి వికలాంగులకు టెక్నాలజీ అంటే వాళ్ల చేతికిచ్చే ప్రత్యేక పరికరం గురించి మాట్లాడటం మాత్రమే కాకూడదు. అందరూ వాడే మామూలు సామాను కొనేటప్పుడు, తయారు చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న అది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో నేను చేసిన తప్పులేంటో వివరంగానే చెప్తాను. ఈ ఊర్లలో నాలాగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు రాసుకుని బతికేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకైనా పనికొస్తుంది. సేవ్ చేయడానికి ఫ్లాపీ బొమ్మ పెట్టాను, తీసేయడానికి చెత్తబుట్ట బొమ్మ. వాటి వెనక పేరు రాయలేదు. పేరు లేనప్పుడు స్క్రీన్ రీడర్ పాపం ఏం చదువుతుంది, "బటన్" అని ఊరుకుంటుంది. సరుకు ఎంచుకునే జాబితాను అందం కోసం నా సొంతంగా తయారు చేశాను. చూడ్డానికి జాబితాలాగే ఉంటుంది, లోపల మాత్రం రంగు వేసిన ఉత్త డబ్బా. ట్యాబ్ కీ దాని దగ్గర ఆగదు, దాన్ని దాటి పోతుంది. మౌస్ పట్టని మనిషికి ఆ జాబితా లేనట్టే. తేదీ వేయాలంటే క్యాలెండర్ బొమ్మ మీద మౌస్‌తో నొక్కాల్సిందే, టైపు చేస్తే తీసుకోదు. బిల్లు సేవ్ అయితే పైన పచ్చ పట్టీ మూడు సెకన్లు కనపడి మాయమయ్యేది. చూడలేని మనిషికి బిల్లు అయిందో లేదో తెలిసేది ఎలా? అతను ఒకే బిల్లును మూడుసార్లు సేవ్ చేసిన రోజులున్నాయి. దానికి ఓనర్ చేత మాటలు కూడా పడ్డాడు. ఆ మాటలు పడాల్సింది నేను.

స్టాకు తక్కువుంటే ఎరుపు, సరిపడా ఉంటే పచ్చ, అంతే. పక్కన ఒక్క మాట కూడా లేదు. ఎరుపు, పచ్చ తేడా తెలియని మగవాళ్లు ప్రతి ఊర్లో ఉంటారు, వాళ్లలో చాలామంది ఎవరికీ చెప్పుకోరు. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టాను. యాభై దాటిన గుమాస్తా ఒకాయన తెరకు ముఖం ఆనించి చదివేవాడని తర్వాత తెలిసింది.

వీటిలో ఏ ఒక్కటీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. నా సాఫ్ట్‌వేర్ కూడా వెబ్ పేజీలాగా బ్రౌజర్‌లో నడిచేదే. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఎలా కట్టాలో మొదటి నియమాలు 1999లోనే వచ్చాయి. 2008లో రెండో విడత వచ్చింది, దాన్నే పెంచుకుంటూ 2023లో ఇంకోటి తెచ్చారు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అందులో లెక్కతో సహా రాసి ఉంది. రంగు ఒక్కటే ఆధారంగా ఏ సమాచారమూ ఇవ్వకూడదని ఉంది. నేను చదివిన కాలేజీలో ఇవి ఎవరూ చెప్పలేదు. చేసిన ఉద్యోగాల్లోనూ ఎవరూ అడగలేదు. అయినా అన్నేళ్లు ఈ పని చేస్తూ నా అంతట నేను వెతుక్కోకపోవడానికి అది సాకు కాదు.

సరిచేయడానికి 11 రోజులు పట్టింది. బటన్లకు పేర్లు రాశాను. నా సొంత జాబితా తీసేసి బ్రౌజర్‌లో ముందే ఉన్న మామూలు జాబితా పెట్టాను. అది కీబోర్డుతో కదులుతుంది, తనో జాబితానని, అందులో ఏది ఎంచుకున్నామో తనే చెప్పుకుంటుంది, నేను దానికోసం ఒక్క లైను అదనంగా రాయనక్కర్లేదు. ఇంతకాలం ఆ తేలిక దారిని అందం కోసం నేనే మూసేసుకున్నాను. మొదటే ఇలా కట్టి ఉంటే ఒక రోజు కూడా ఎక్కువ పట్టేది కాదు. కట్టిన ఇంట్లో గోడ పగలగొట్టి పైపు వేయడానికీ, కట్టేటప్పుడే వేయడానికీ ఉన్నంత తేడా.

అతను వాడే ఎన్‌వీడీఏ గురించి కూడా చెప్పాలి. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్లు అప్పటికే ఉన్నాయి, కానీ మామూలు మనుషులకు అందని ధర. అందుకే ఉచితంగా ఇచ్చేశారు. కళ్యాణదుర్గం పక్క పల్లెలో పుట్టిన అబ్బాయి అనంతపురంలో ఉద్యోగం చేయగలుగుతున్నాడంటే ఆ ఇద్దరి పని ఉంది అందులో. తెలుగు కూడా చదువుతుంది. గొంతు యంత్రంలా ఉంటుంది గానీ చదువుతుంది.

"ఇలా చేస్తే వికలాంగులకే కాదు, అందరికీ ఉపయోగం" అని చాలామంది వాదిస్తారు. అది నిజమే. కీబోర్డుతో బిల్లు కొట్టడం మొదలయ్యాక ఆ షాపులో మిగతావాళ్లూ మౌస్ వదిలేశారు. కానీ ఆ వాదన నాకు నచ్చదు. అందరికీ లాభం ఉందని చూపిస్తే తప్ప ఒక మనిషి ఉద్యోగం నిలబెట్టకూడదా? ఆ 11 రోజుల పని ఆ ఒక్క అబ్బాయికే పనికొచ్చి, ఇంకెవరికీ చిల్లిగవ్వ లాభం లేకపోయినా అది చేయాల్సిన పనే. అది అతని జీతం, అతని అన్నం.

సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి ఇంకో చోటికి పోదాం. రాయదుర్గంలో రెడీమేడ్ బట్టలు కుట్టే యూనిట్లు ఎన్నో. అక్కడ ఒక యూనిట్లో స్టాకు లెక్కల కోసం పోయినప్పుడు ఒక టైలరమ్మను చూశాను. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి కాలు సన్నబడింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011లో వచ్చింది, 2014 మార్చిలో పోలియో పోయినట్టు ప్రకటించారు. ఆ జబ్బు పోయింది గానీ అది తాకిన మనుషులు మన మధ్యే ఉన్నారు. ఇప్పుడు వాళ్లది సరిగ్గా కష్టపడి సంపాదించే వయసు.

పవర్ మిషన్ మీద బట్ట జరపాలంటే దాన్ని అదిమి పట్టే ఇనుప పాదాన్ని పైకి లేపాలి. దానికి బల్ల కింద కుడి మోకాలితో నెట్టే కమ్మీ ఒకటి ఉంటుంది. ఆమె కుడి మోకాలికి ఆ బలం లేదు. చేత్తో లేపితే ప్రతి కుట్టు దగ్గర ఆగాలి, పీసు రేటు మీద బతికే మనిషికి అది కుదరదు. ఆ యూనిట్లో మెకానిక్ ఆ కమ్మీకి ఇంకో ఇనుప ముక్క వెల్డింగ్ చేసి ఎడమ వైపుకు తిప్పాడు, పెడల్‌ను కూడా కాస్త ఎడమకు జరిపాడు. మోకాలికి గుచ్చుకోకుండా చివర్న పాత జీన్స్ గుడ్డ చుట్టి దారంతో కట్టింది ఆమె. ఆ గుడ్డ నీలం పోయి తెల్లబడింది, అన్నేళ్లు వాడింది మరి.

నేను పోయిన నాటికి ఆమె ఆ మిషన్ మీద లేదు. ఒక మూల కింద కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. యూనిట్‌కు కొత్త మిషన్లు వచ్చాయట, పాతవి అమ్మేశారట, వాటితో పాటు ఆ కమ్మీ కూడా పోయింది. దారాలు కత్తిరించే పనికి కుట్టు పనిలో వచ్చేదాంట్లో సగం కూడా రాదు. "కొత్తదానికీ అట్లనే పెట్టించొచ్చు కదమ్మా?" అనడిగాను. "అడిగినా అక్కా. వారంటీ పోతాదంట," అంది. వారంటీ పోతుందని మనిషిని మూలన కూర్చోబెట్టారు. మిషన్లు కొనేటప్పుడు ఆమెను ఒక్కసారి పిలిచి, కూర్చుని చూడమ్మా అని ఉంటే, అమ్మేవాడే బిగించి ఇచ్చేవాడు.

ఆమె మిషన్, ఈ అబ్బాయి సాఫ్ట్‌వేర్, రెంటిదీ ఒకటే కథ. సర్దుబాటు పాత సామానులో ఉంటుంది. ఎవరో మంచి మనసున్న మెకానిక్ చేసి పెడతాడు. అది ఏ కాగితం మీదా ఉండదు. సామాను మారగానే పోతుంది.

ఫోన్లలో జరిగేది ఇంకా చిన్నగా కనపడుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు ప్రతి షాపుకూ, ఆఫీసుకూ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రేపు సెలవని, డ్యూటీ మారిందని, ఫలానా లోడు వస్తోందని అన్నీ అందులోనే. సూపర్‌వైజర్ తీరిక లేక వాయిస్ మెసేజ్ పెడతాడు. వినపడని మనిషికి అది ఖాళీ. మేనేజర్ నోటీసును ఫొటో తీసి పెడతాడు. కనపడని మనిషికి అది ఖాళీ. ఒకే గ్రూపులో ఒకే పొద్దున ఇద్దర్ని బయట పెట్టేస్తున్నారు, పెడుతున్నట్టు వాళ్లకే తెలియదు. తెలుగు టైపు చేయడం రాదంటే 2017 నుంచి ఫోన్లో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారుతోంది. అదే మాట, అదే సమయం, నొక్కే మైకు బొమ్మ ఒక్కటే వేరు.

టైపు చేస్తే చాలని నేను కూడా మొదట అనుకున్నాను. పుట్టుకతో వినికిడి లేనివాళ్లలో చాలామందికి సైగల భాషే మొదటి భాష. దానికి తన వ్యాకరణం ఉంది, తెలుగు వాక్యంలా అది నడవదు. అలాంటివాళ్లకు పొడుగాటి తెలుగు మెసేజ్ మనకు తెలియని భాషలో ఉత్తరం వచ్చినట్టే. ఏం పని, ఏ రోజు, ఎన్ని గంటలకు అని చిన్న ముక్కలుగా రాయాలి. ముఖ్యమైన సంగతయితే సైగలు తెలిసినవాళ్లతో వీడియో కాల్ పెట్టించాలి. ఏది కావాలో వాళ్లనే అడగాలి.

తెలుగులో చదివేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మన డీటీపీ సెంటర్లలో, చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతోనే కొడతారు. కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ అవి యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే అక్షరాలు కావు. తెర మీద 'అ' కనపడుతున్నా కంప్యూటర్‌కు అక్కడ ఉన్నది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. స్క్రీన్ రీడర్ దాన్నే చదువుతుంది, పిచ్చి గీతల్ని గట్టిగా చదివినట్టు. ఇక ఆ కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపితే అదీ ఉండదు, ఉత్త ఫొటో. యూనికోడ్‌లో తెలుగు అంటే భాషాభిమానం మాట అనుకునేదాన్ని. ఆ అబ్బాయి జీతం కాగితం చదువుకోవడానికి ఎవరినో బతిమాలుకోవడం చూశాక అది అతని గుట్టు అతని దగ్గరే ఉండే హక్కు అని అర్థమైంది. తన జీతం ఎంత కోశారో తనే చదువుకోవాలి. పక్కవాడి నోటి నుంచి వినకూడదు.

చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ మనిషిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని ప్రభుత్వ సంస్థలకు గట్టిగా చెప్పింది. అయినా వికలాంగులు కూడా వాడుకోగలిగేలా అన్నీ ఉండాలనే అందుబాటు నియమాలు చాలాకాలం సలహాల్లాగే నడిచాయి. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు వాటిని సలహాలుగా వదిలేయడం కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు పెట్టాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ బ్యాంకు ఖాతా తెరవబోతే, కెమెరా ముందు కళ్లు ఆర్పితేనే పని జరుగుతుందన్నారు. ఆర్పలేని మనిషి ఏం చేయాలి? డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని ఆ కేసులో కోర్టు చెప్పింది. కళ్లు ఆర్పమనే యాప్‌లు బ్యాంకుల్లోనే కాదు, హాజరు వేసే దగ్గర కూడా వచ్చేశాయి. వేలిముద్ర పరికరమయితే నిలబడ్డ మనిషి చేతికి అందే ఎత్తులో గోడకు బిగిస్తారు. వీల్‌చైర్‌లో వచ్చిన మనిషి పని మొదలుపెట్టకముందే, నేను వచ్చాను అని చెప్పుకోవడానికి ఇంకొకరి సాయం అడగాలి.

ర్యాంపు గురించి ఇప్పుడు కొంత ఎరుక వచ్చింది. ఎత్తు ఎంతుంటే పొడుగు దానికి 12 రెట్లు ఉండాలి. మూడు మెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు అనుకుంటే 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. రెండు మీటర్లలో ముగించేసి రంగేస్తే దాని మీద ఎవరూ ఎక్కలేరు. అయినా ఆ తప్పు దారిన పోయేవాళ్లందరికీ కనపడుతుంది, ఎవరో ఒకరు అడుగుతారు. సాఫ్ట్‌వేర్‌లో నేను కట్టిన మెట్లు కళ్లున్నవాళ్లకు కనపడలేదు.

మా జిల్లాలో వికలాంగుల కోసం ముందు పని చేసినవాళ్లంటే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పేరే చెప్తారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆ సంస్థ చూపులేని, వినికిడిలేని పిల్లలకు బడులు నడుపుతోంది. అలాంటి బడుల వల్ల, సర్కారు హాస్టళ్ల వల్ల, తల్లిదండ్రుల మొండిపట్టు వల్ల పిల్లలు చదువుకుని వస్తున్నారు. కంప్యూటర్ నేర్చుకుని వస్తున్నారు. వాళ్లు వచ్చి చేరే షాపులు, ఆసుపత్రులు, ఆఫీసులు, వాటికి సామాను అమ్మే నాలాంటివాళ్లు మాత్రం సిద్ధంగా లేము. వికలాంగుల దినోత్సవమని డిసెంబరు 3న ట్రైసైకిళ్లు పంచుతారు. పంచాలి, అవి కావాలి. ఆ ట్రైసైకిల్ ఎక్కి మనిషి పోయే ఆఫీసులో ఏం కొన్నారో కూడా ఆ రోజున అడగాలని నా కోరిక.

అందుకే నేను ఇప్పుడు ఏ షాపుకు కొటేషన్ ఇచ్చినా ముందు ఒక మాట అడుగుతాను. మీ దగ్గర పనిచేసేవాళ్లలో చూపు, వినికిడి, చేతుల కదలిక ఇబ్బంది ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే డబ్బులు కట్టకముందే వాళ్లతో వారం రోజులు వాడించండి. లేరంటే కూడా నేను మానిటర్ ఆపేసి, మౌస్ పీకేసి ఒక బిల్లు పూర్తిగా కొట్టి చూపిస్తాను. కొందరు విసుక్కుంటారు. కొందరు, "ఇప్పుడు లేరు కదా మేడం, ఎవరన్నా వస్తే చూద్దాం" అంటారు. వస్తే చూద్దామన్న చోటికి ఎవరూ రారు. గుమ్మం దగ్గరే తెలిసిపోతుంది వాళ్లకు.

ఆ అబ్బాయి ఇప్పుడు నా దగ్గర నెలనెలా డబ్బు తీసుకుని నా సాఫ్ట్‌వేర్ పరీక్షించి చెప్తాడు. ఆ డబ్బు ఇవ్వడం ముఖ్యం. సలహాలు ఉచితంగా అడిగితే అది మళ్లీ అతని మీద వేసే బరువే. మేడం అనడం మానేసి అక్కా అంటున్నాడు. ఒకసారి అడిగాను, రాసేటప్పుడు వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా అని. "నీకేది బాగుంటే అది రాసుకో అక్కా. బటన్లకు మాత్రం పేర్లు పెట్టు," అన్నాడు.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. పోయిన వారం పంపిన కొత్త వెర్షన్లో, సరుకు వాపసు బిల్లు దగ్గర మొత్తం చదవడం లేదట. "బస్తాలు చెప్తాంది అక్కా, రూపాయలు చెప్పల్యా." తీసి చూశాను. అంకె పెద్దగా, అందంగా కనపడాలని దాన్ని మళ్లీ బొమ్మలా పెట్టాను. రాత్రి 11 గంటలకు సరిచేసి పంపాను. పొద్దున షాపు తెరిచిన ఐదు నిమిషాలకు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, టైపు చేసిందే.

"చదువుతాంది అక్కా. డిస్కౌంటు ఇంకా చదవల్యా."